పేపరు పాపగారు

రాజోలు బస్టాండు బయట ఆటో మాట్లాడుకుంటున్నాను. ఎవరింటికండీ అని ఆటో అతను అడిగితే మా ఊరి పేరు, మా ఇంటి గుర్తు చెప్పేను. పక్కనే పెద్ద పెట్టె మీద కూర్చున్న ఒకావిడ ఆ మాట విని లేచి నిలబడింది. నా ఈడుదే. మస్కట్లో వంటపని చేస్తుందట, సెలవు మీద ఆ ఉదయమే దిగిందట. నా ముఖంలోకి కాసేపు చూసి, "మీరు పేపరు పాపగారు కదండీ?" అంది.

ఆ పేరుతో నన్ను పిలిచిన ఊరు ఒక్కటే. గోదారి మధ్యలో ఉండేది. ఇప్పుడు లేదు.

ఆవిడ పెట్టె తెరిచి ఖర్జూరాల పొట్లం ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. వద్దంటే ఒప్పుకోలేదు. మా నాయనమ్మ పోయేదాకా మీ ఇంటివాళ్ళని తలుచుకుంటూనే ఉండేదండి, పెద్దవాళ్ళని ఎలా చూసుకోవాలో ఆ ఇంటిని చూసి నేర్చుకోండర్రా అనేదండి అని చెప్పింది. నేను పొట్లం పట్టుకుని నిలబడ్డాను. నిజం చెప్పడానికి అప్పుడైనా అవకాశం ఉంది. చెప్పలేదు. ఆటో ఎక్కేసేను.

మా ఇంట్లో పెదతాత ఉండేవాడు. మా తాతకి అన్నగారు. పెళ్ళాం తొలికాన్పులోనే పోయిందిట, మళ్ళీ చేసుకోలేదు. నాకు తెలిసేసరికే ముసలాయన. చుట్ట కాలుస్తాడని, ఆ కంపు తన పూజగదిదాకా వస్తోందని మా నాన్నమ్మ ఆయన మంచాన్ని దొడ్లో ఉన్న కొబ్బరికాయల కొట్టులోకి మార్పించింది. వలవని కాయలు ఒక పక్క, ఎండు కొబ్బరి చిప్పలు ఇంకో పక్క, మధ్యలో ఆయన నులకమంచం. ఆ కొట్లోకి వెళ్తే కొబ్బరి నూనె వాసన, పీచు వాసన, చుట్ట వాసన కలిసి ముక్కుకి ఒక్కసారే తగిలేవి. ఆ వాసన నాకు ఇష్టంగానే ఉండేది. అయినా అక్కడ ఎక్కువసేపు ఉండేదాన్ని కాదు.

భోజనాల వేళకి పెదతాత వంటింటి వెనక గుమ్మం దగ్గరకొచ్చి రెండుసార్లు దగ్గేవాడు. అమ్మ లోపల్నుంచి "వస్తున్నానండీ" అనేది. ఆ తర్వాత పాలు పొంగేవో, కూలివాళ్ళకి అన్నాలు పెట్టాల్సి వచ్చేదో, నాన్నమ్మ పిలిచేదో. ఆయన గుమ్మం పక్కన తిరగలి మీద కూర్చుని ఉండేవాడు. అందరివీ అయ్యేక, చల్లారిన అన్నం, గిన్నె అడుగున మిగిలిన కూర ఆయన కంచంలోకి వచ్చేవి. మా అమ్మ చెడ్డది కాదు. ఈ మాట నేను చాలామందితో చెప్పేను, నాతో నేను కూడా చెప్పుకున్నాను. ఆ ఇంట్లో అడిగినవాళ్ళకే ఏదైనా దొరికేది. ఆయన అడిగేవాడు కాదు.

ఆయన నోరు తెరిచి అడిగింది ఒక్కటే, అదీ నన్ను. కళ్ళకి శుక్లాలు ముసిరి అక్షరాలు కనబడేవి కావు. నాన్న చదవడం అయిపోయేక పేపరు కొట్టులోకి వెళ్ళేది. "రెండు ముక్కలు చదివి పెట్టమ్మా" అనేవాడు. నాకు అప్పుడు పదేళ్ళు. బయట పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతూ నా కోసం అరుస్తుండేవారు. సెలవుల్లో ఎప్పుడైనా, తప్పించుకోలేనప్పుడు, పేపరు విప్పి గబగబా రెండు ముక్కలు కల్పించి చెప్పేసేదాన్ని. కాకినాడలో రెండు తలల దూడ పుట్టిందనీ, ఒక తల గడ్డి తింటుంటే ఇంకో తల నెమరేస్తోందనీ చెప్పేను ఒకసారి. మద్రాసులో ఒకాయన ఏడాదిగా నిద్రపోలేదనీ, వాళ్ళావిడకి కూడా నిద్రలేదనీ ఇంకోసారి. పెదతాత మెడ ముందుకి చాచి ఒక్క మాట పోనీకుండా వినేవాడు. "ఏ ఊరన్నావమ్మా?" అని మళ్ళీ అడిగి గుర్తుపెట్టుకునేవాడు. నేను పేపరు ఆయన ఒళ్ళో పడేసి, నవ్వు ఆపుకుంటూ పరిగెత్తేదాన్ని.

వారానికి ఒకసారి, ఒక్కోసారి రెండుసార్లు, పెదతాత గొడుగు పట్టుకుని రేవుకి వెళ్ళి పొద్దున్న పడవలో గోదారి మధ్య లంకకి పోయేవాడు. సాయంత్రానికో, మర్నాటికో వచ్చేవాడు. లంక పొగాకు కోసం వెళ్తున్నాడని ఇంట్లో అనుకునేవాళ్ళం. అక్కడ ఎవరింట్లో పడితే వాళ్ళింట్లో తిని మన పరువు గోదాట్లో కలుపుతున్నాడని నాన్నమ్మ సణిగేది. లంకలో ఉండేవాళ్ళు చేపలు పట్టేవాళ్ళు, మా చేలలోకి కూలికి వచ్చేవాళ్ళు. వాళ్ళు మా అరుగు కింద నిలబడి మాట్లాడేవాళ్ళే కాని గుమ్మం ఎక్కేవాళ్ళు కాదు. తిరిగొచ్చిన పెదతాతని ఎక్కడికి వెళ్ళేవు, ఏం చేసేవు అని ఎవరం అడగలేదు.

వానలు వెనకబట్టేక ఒకరోజు పెదతాత పోయేడు. మధ్యాహ్నం అమ్మ కంచం తీసుకెళ్ళి మంచం పక్కన పెట్టి, పడుకున్నాడనుకుని మూతపెట్టి వచ్చేసింది. దీపాలు పెట్టేవేళకి కంచం కోసం వెళ్తే మూత మూతలాగే ఉంది. అన్నానికి చీమలు పట్టేయి. అమ్మ కేక వేసిందని అంటారు కాని, నాకు కేక వినబడినట్టు గుర్తులేదు. అమ్మ వంటింట్లోకి వచ్చి ఆ కంచాన్ని కడిగి, తుడిచి, గూట్లో పెట్టి, ఆ తర్వాత నాన్నకి చెప్పడం గుర్తుంది.

పెద్దకర్మ నాడు లంకనుంచి పదిమంది వచ్చేరు. ఆనవాయితీగా పెరుగు కుండలు, అరటిగెల తెచ్చి వాకిట్లో పెట్టి కింద కూర్చున్నారు. వాళ్ళలో ఒకాయనది మా రేవు పడవ. నలభై ఏళ్ళ మనిషి. అందరూ వెళ్ళేక నాన్న దగ్గరకొచ్చి చేతులు కట్టుకున్నాడు. అస్థికలు అంతర్వేదిలో కలుపుతారని విన్నామనీ, పెద్దయ్యగారు ఇన్నేళ్ళూ మా పడవలోనే తిరిగేరు కాబట్టి ఆఖరిసారి కూడా మా పడవలోనే తీసుకెళ్ళనివ్వమనీ, దారిలో లంకలో ఒక్క గడియ ఆపనివ్వమనీ అడిగేడు. వానలకి అంతర్వేది రోడ్డు గోతులు పడి ఉంది. నాన్న సరేనన్నాడు. అప్పుడాయన ఇంకో మాట అడిగేడు.

"కోడలుగారూ, పాపగారూ కూడా రావాలండి. మా ఆడవాళ్ళు చూడాలనుకుంటున్నారండి."

గుమ్మంలో ఉన్న అమ్మ నాన్న ముఖంలోకి చూసింది. నన్నెందుకు అన్నట్టు ఉంది ఆ చూపు.

మర్నాడు ఎండెక్కేక బయల్దేరేం. నాన్న, అమ్మ, నేను, నాన్నమ్మ, పంతులుగారు, ఇంకో నలుగురైదుగురు చుట్టాలు. అక్కడ ఏమీ ముట్టుకోవద్దని చెప్పి నాన్నమ్మ పెద్ద గిన్నెడు పులిహోర కలిపి, గుడ్డ కట్టి తెచ్చింది. శ్మశానం పక్క చెట్టుకి కట్టి ఉంచిన కుండని కొత్త పంచెలో చుట్టి నాన్న ఒళ్ళో పెట్టుకున్నాడు. నాకు మాత్రం పడవ ఎక్కడం పండగలా ఉంది. ఉందని పైకి కనబడకుండా ఉండటానికి పెదవులు బిగించి కూర్చున్నాను.

గోదారి ఎరుపు తగ్గి, ఇంకా తేటపడలేదు. గెడ నీళ్ళలోకి దిగినప్పుడల్లా అడుగునుంచి ఒండ్రు వాసన పైకొచ్చేది. నీటికాకులు కర్రల మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. పడవాయన ముందున్న ఒక పలకని చూపించి, పెద్దయ్యగారు దానిమీదే కూర్చునేవారండి, దారిపొడుగునా ఒక చెయ్యి నీళ్ళలో పెట్టుకునేవారండి అన్నాడు. నీళ్ళు ఇవాళ చల్లగా ఉన్నాయిరా, ఇవాళ నులివెచ్చగా ఉన్నాయిరా అని చెప్పేవారండి అన్నాడు. నాన్న ఊఁ అన్నాడు. కాసేపయ్యేక పడవాయన, ఇంటిదగ్గర కూడా మీకు చెప్పే ఉంటారు లెండి అన్నాడు. నాన్న దానికీ ఊఁ అన్నాడు.

లంక రేవు కనబడేసరికి ఊరంతా అక్కడే ఉంది. మగవాళ్ళు మోకాలిలోతు నీళ్ళలోకి దిగి, పడవని రెండు పక్కలా పట్టుకుని, కుదుపు లేకుండా ఇసక మీదికి లాగేరు. కుండని చూసి అందరూ దణ్ణం పెట్టేరు. ఎవరూ శోకాలు పెట్టలేదు. రేవునుంచి ఒక తాటాకింటి దాకా దారంతా ఊడ్చి నీళ్ళు చల్లి ఉంది. ఆడవాళ్ళు ఇత్తడి చెంబులతో నీళ్ళు పట్టుకుని నిలబడ్డారు. పడవాయన తల్లి, నడుం వంగిన పెద్దావిడ, ముందుకొచ్చి మా అమ్మ పాదాల ముందు కూర్చుని కాళ్ళు కడగబోయింది. అమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది. పెద్దావిడ ఒప్పుకోలేదు. చీలమండ పట్టుకుని, వేళ్ళ మధ్య బురద పోయేదాకా కడిగి, తన కొంగుతో తుడిచింది.

"మిమ్మల్ని చూడాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నామమ్మా" అంది.

ఆ మాటతో మొదలైంది. తాటాకు చాపల మీద మమ్మల్ని కూర్చోబెట్టి, వాళ్ళు చుట్టూ ఇసకలో కూర్చుని, మా గురించి మాకే చెప్పడం మొదలుపెట్టేరు. కోడలుగారు పెదమావగారికి వేడన్నంలో నెయ్యి వేసి తన చేత్తో వడ్డిస్తారట. ఆయన తినకుండా తాను మంచినీళ్ళు కూడా ముట్టరట. చుట్ట వాసన పడకపోయినా ఒక్కనాడు ముఖం చిట్లించలేదట. పెద్దయ్యగారికి గాలి బాగా తగలాలని దొడ్లో ఆయనకోసం విడిగా గది కట్టించేరట. అబ్బాయిగారు చెట్టు కొట్టించాలన్నా, చేలో విత్తనం చల్లాలన్నా పెదనాన్నని అడగకుండా చెయ్యరట. కళ్ళ ఆపరేషనుకి తీసుకెళ్తానని ఆయన వెంటపడుతుంటే, ఈ వయసులో ఎందుకురా అని పెద్దయ్యగారే ఆపేరట. మరదలుగారు, అంటే మా నాన్నమ్మ, బావగారి గొడుగు కనబడితేనే అరుగు దిగి ఎదురొస్తారట.

ఒకరు ఆపితే ఇంకొకరు అందుకున్నారు. వాళ్ళ గొంతుల్లో వెక్కిరింత ఏమైనా ఉందేమోనని నేను వెతికేను. పదేళ్ళ పిల్లకి వెక్కిరింత బాగా తెలుస్తుంది. ఎక్కడా లేదు. నాన్న తల వంచుకుని కుండ మీద గుడ్డ ముడి విప్పుతూ కడుతూ ఉన్నాడు. నాన్నమ్మ చేతిలో జపమాల ఆగిపోయింది. అమ్మ ముఖం చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు. చేతులు మాత్రం చూసేను. రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

ఇంతలో పిల్లలు నన్ను చుట్టేసేరు. ఈవిడే పేపరు పాపగారు అని ఒకరికొకరు చెప్పుకున్నారు. నాకంటే చిన్నవాళ్ళు కూడా నన్ను మీరు అన్నారు. ఒక పిల్ల నా గౌను అంచు పట్టుకుని, "ఆ రెండు తలల దూడ ఇంకా బతికే ఉందాండీ?" అని అడిగింది. రెండో పిల్లకి ఇంకో సందేహం. తల్లి పాలు ఏ తల ముందు తాగేది? దాని మీద వాళ్ళు ఏడాదిగా దెబ్బలాడుకుంటున్నారట. బతికే ఉందని చెప్పేను. వంతులు వేసుకుని తాగుతాయని చెప్పేను. వాళ్ళు ఊపిరి వదిలి ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. మద్రాసాయనకి నిద్ర పట్టిందా అని వెనకనుంచి ఒక ముసలాయన అడిగేడు. ఆయన నిజంగానే దిగులుగా అడిగేడు. పట్టిందండీ అన్నాను.

నేను చెప్పిన ప్రతి అబద్ధమూ గోదారి దాటి ఆ ఊరు చేరింది. పెదతాత నా దగ్గర విన్నవి గుర్తుపెట్టుకుని, వెళ్ళినప్పుడల్లా వాళ్ళని వేపచెట్టు కింద కూర్చోబెట్టి చెప్పేవాడట. మా మనవరాలు రోజూ పొద్దున్నే నా పక్కన కూర్చుని పేపరంతా చదివి వినిపిస్తుంది అని ముందుగా చెప్పి, అప్పుడు మొదలెట్టేవాడట.

ఎవరో ఇంట్లోకి వెళ్ళి పప్పు పొట్లం కట్టిన కాగితం ఒకటి తెచ్చేరు. నూనె మరకలతో ఉంది, ఒక మూల చిరిగిపోయింది. పెద్దయ్యగారికి చదివినట్టు ఒక్కసారి మాకూ చదివి వినిపించమ్మా అని అడిగేరు. కాగితం విప్పితే ఏదో వేలం ప్రకటన. చెరువులో చేపలు పట్టుకునే హక్కు వేలం వెయ్యబడుననీ, పాట పాడదలచినవారు ఫలానా చోటికి రావలెననీ ఉంది. కల్పించి చెప్పడానికి నాకు ఆ రోజు నోరు రాలేదు. ఉన్నది ఉన్నట్టు, అక్షరం అక్షరం కూడబలుక్కుని, చిరిగిన చోటిదాకా చదివేను. అది నేను జీవితంలో మొదటిసారి చివరిదాకా చదివిన పేపరు ముక్క. అందులో వినడానికి ఏముంది. అయినా ఊరంతా కదలకుండా విన్నారు. ఒక ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అచ్చం పెద్దయ్యగారు చెప్పినట్టే చదువుతోంది అంది.

తర్వాత భోజనాలకి లేవమన్నారు. ఒక పక్క చాప మీద బొండాలు, అరటిపళ్ళు, పాలచెంబు పెట్టి ఉన్నాయి. ఇంకో పక్క అరిటాకులు వేసి ఉన్నాయి. వేడన్నం, ఆవ పెట్టిన కంద బచ్చలి కూర, పప్పుచారు, నిప్పులమీద కాల్చిన దిబ్బరొట్టె, పక్కన చెరకు పానకం. పడవాయన నాన్నతో మెల్లగా, మీకు వండినవి పనికిరాకపోతే ఏమీ అనుకోమండి, ఇటు కూర్చోండి, ఎటు కూర్చున్నా మాకు సంతోషమేనండి అన్నాడు. మేం తినమని వాళ్ళకి ముందే తెలుసు. తినకపోయినా మేం చిన్నబోకుండా ఉండే ఏర్పాటు కూడా వాళ్ళే చేసేరు. అరిటాకుల వరసకి చివర ఒక ఆకు విడిగా ఉంది. దానిలో రొట్టె మాడుచెక్క పానకంలో నానబెట్టి ఉంది. పెద్దయ్యగారికి పళ్ళు లేవు కదండీ, నానితేగాని నమలలేరు అన్నారు. ఆయనకి మాడుచెక్క ఇష్టమని మాకు తెలీదు. పళ్ళు లేని సంగతి తెలుసు కాని, ఎలా తింటున్నాడో ఎప్పుడూ ఆలోచించలేదు.

అప్పుడు పెద్దావిడ నాన్నకేసి తిరిగి అడిగింది.

"ఆఖర్న ఏం పుచ్చుకున్నారండీ?"

ఎవరైనా పోతే అందరూ అడిగే మాటే. నాన్న అమ్మవైపు చూసేడు. అమ్మ ఆకులకేసి చూస్తోంది.

"పాలు" అన్నాడు నాన్న. "పాలు తాగేడు."

"ఎవరు పోసేరండీ?"

"మా ఆవిడే. చెంచాతో."

ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా లేచి అమ్మ దగ్గరకొచ్చేరు. ఆ చేతులు కళ్ళకద్దుకున్నారు. ఒకామె తన చంటిపిల్ల తల మీద అమ్మ చెయ్యి పెట్టించుకుంది. ఇలాంటి చెయ్యి తగిలితే పిల్ల బాగుంటుందని అంది. అమ్మ ఒక్కసారి గట్టిగా చేతులు విడిపించుకుని, నాకు మంచినీళ్ళు కావాలి అంది. అక్కడ నీళ్ళు ఉన్నాయి. అయినా లేచి ఇంటి వెనక్కి వెళ్ళింది. పెద్దావిడ ఆమె వెనకే వెళ్ళింది. నేనూ వెళ్ళేను.

ఇంటి వెనక నీళ్ళ గాబు ఉంది. అమ్మ దాన్ని పట్టుకుని నిలబడింది. పెద్దావిడ చెంబు ముంచి ఇస్తే తీసుకోలేదు.

"నేను పాలు పొయ్యలేదండీ" అంది అమ్మ. మా చేలోకి కూలికొచ్చేవాళ్ళ ఊరి మనిషిని అమ్మ అండీ అనడం నేను వినడం అదే మొదలు. "కంచం పెట్టి వచ్చేసేను. లేచేరో లేదో కూడా చూడలేదు. ఎప్పుడు పోయేరో మాకు తెలీదు. నెయ్యి లేదు, వేడన్నం లేదు. మీరు అన్నదేదీ నేను చెయ్యలేదు."

పెద్దావిడ చెంబు గాబు గట్టు మీద పెట్టింది.

"తెలుసమ్మా" అంది.

అమ్మ తలెత్తింది.

"ఇంటిదగ్గర కడుపునిండా తిన్నవాళ్ళు ఇక్కడికొచ్చి మూడుసార్లు మారు వడ్డించుకోరు కదమ్మా. కళ్ళు కనబడని మనిషి చొక్కా గుండీలు ఎవరూ కుట్టకపోతే మాకు కనబడదా? మా కోడలు కుట్టేది." చెంబుని అమ్మ వైపు జరిపి, "ఆయన మీ గురించి అలా చెప్పుకునేవారు. చెబుతుంటే ముఖం వెలిగిపోయేది. మేం కాదంటే ఆయనకింకేముంది? ఊరందరం ఆయ్ ఆయ్ అనేవాళ్ళం. ఇవాళ ఆయన ముందు మాట మార్చలేం కదమ్మా" అంది.

ఆయన ముందు అంటే ఆ కుండ ముందు.

అమ్మ ఏడవలేదు. ఏడిస్తే తేలికపడుతుందేమో, ఆ తేలిక తనకి తగదనుకుందో ఏమో. మొహం కడుక్కుని ముందుకొచ్చి, ఎవరినీ అడక్కుండా అరిటాకు ముందు కూర్చుంది. నాన్న కాసేపు నిలబడి, వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. నేను కూర్చున్నాను. కంద బచ్చలి కూర అంత రుచిగా మా ఇంట్లో ఎప్పుడూ లేదు. రుచిగా ఉన్నందుకే నాకు సిగ్గేసింది. అయినా రెండోసారి వేయించుకున్నాను. నాన్నమ్మ మాత్రం ఇటు రాలేదు. బొండం చేతిలో పట్టుకుని, తాగకుండా, గోదారికేసి తిరిగి కూర్చుంది. ఆ పులిహోర గిన్నె గుడ్డ విప్పనేలేదు. ఆవిడకి ఏమనిపించిందో నాకు ఎప్పటికీ తెలీలేదు. ఆవిడ పోయేదాకా ఆ రోజు మాట ఎత్తలేదు.

పొద్దు వాలేలోగా సాగరసంగమం చేరేం. అక్కడ గాలి ఉప్పగా కొట్టింది. పంతులుగారు మంత్రం చెబుతుంటే నాన్న నడుంలోతు నీళ్ళలోకి దిగేడు. పడవాయన పక్కనే దిగి, పంతులుగారు వినకుండా చిన్నగా, నేనూ ఒక చెయ్యి వెయ్యొచ్చాండీ అని అడిగేడు. నాన్న కుండని అతని వైపు జరిపేడు. ఇద్దరూ కలిసి వంచేరు. బూడిద నీళ్ళ మీద కాసేపు తెల్లగా పరుచుకుని, అల వచ్చేక కనబడలేదు.

తిరిగొచ్చేటప్పుడు లంక రేవులో ఆగలేదు. చీకటి పడుతోందని నాన్న తొందర పెట్టేడు. గట్టు మీద వాళ్ళు నిలబడి ఉన్నారు. అమ్మ పడవలో లేచి నిలబడి, పడిపోతావు కూర్చోమని నాన్న అంటున్నా వినకుండా, "మళ్ళీ వస్తాం" అని గట్టిగా చెప్పింది. మా అమ్మ మగవాళ్ళ ముందు అంత గట్టిగా మాట్లాడటం నాకు వింత. గట్టునుంచి ఆయ్ అని వినబడింది.

ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పాలంటే పెద్దగా ఏమీ లేదు. కొట్టులో మంచం తీసేసేరు. ఏటా పెదతాత తద్దినం రోజున లంకనుంచి పెరుగు కుండ వచ్చేది. పడవాయన అరుగు కింద పెట్టి, అమ్మగారు బాగున్నారా, పాపగారు బాగున్నారా అని అడిగి వెళ్ళిపోయేవాడు. అరుగు మీదికి రమ్మని అమ్మ పిలిచేది. పరవాలేదండి అనేవాడు. వాళ్ళూరు ఎప్పుడొస్తారని అతను అడగలేదు. మేం మాత్రం ఈ కోతలయ్యేక, ఈ పరీక్షలయ్యేక, ఈ వానలు తగ్గేక అనుకుంటూ ఉన్నాం. నిజం చెప్పాలంటే వెళ్ళడానికి మాకు మొహం లేదు. మంచివాళ్ళం అని వాళ్ళు మళ్ళీ అంటే ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. వాళ్ళకి తెలుసని తెలిసేక అక్కడ కూర్చుని తినడం ఇంకా కష్టం. కొన్నేళ్ళకి పెరుగు కుండ రావడం మానేసింది. ఎందుకు మానేసిందో కనుక్కోవడానికి కూడా ఎవరం రేవుదాకా వెళ్ళలేదు.

లంకని గోదారి ఏటా ఒక పక్కనుంచి కోసుకుంటూ వచ్చింది. ముందు వేపచెట్టు, తర్వాత ఇళ్ళ వరస. ఒక పెద్ద వరద తర్వాత మిగిలినవాళ్ళని ఇవతలి గట్టున కాలనీలో పెట్టేరని విన్నాను. ఆడవాళ్ళు చాలామంది మస్కట్ వెళ్ళేరు, కువైట్ వెళ్ళేరు. వంతెన వచ్చేక రేవులో పడవలూ పోయేయి. ఇప్పుడు వంతెన మీద బస్సులో వెళ్తూ కిందకి చూస్తే, అంత ఊరు ఎక్కడుండేదో పోల్చుకోలేను. నీళ్ళు అన్నిచోట్లా ఒకేలా ఉంటాయి.

అమ్మ ఆఖరి ఏడు నా దగ్గరే ఉంది. అప్పటికి చాలా సంగతులు మర్చిపోయింది. మా పిల్లల పేర్లు తారుమారు చేసేది. ఒక సాయంత్రం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, ఉన్నట్టుండి చేతులు ఆపి, "ఆ లంకకి మనం మళ్ళీ వెళ్ళేమా?" అని అడిగింది.

ఆ వయసులో ఆవిడని ఇంకా బాధపెట్టడం ఎందుకనిపించింది. "వెళ్ళేం కదమ్మా, ఆ మరుసటి ఏడే" అన్నాను.

అమ్మ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. అంత తేటగా ఆవిడ నన్ను చూసి చాలాకాలమైంది.

"లేదే" అంది. "పడవ రోజూ ఉండేది. మనమే వెళ్ళలేదు."